ప్లేటింగ్ షెడ్లలో సర్వే: ఫారం పక్కన పెట్టి బిల్లులు అడగండి

ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ: ఎంటెక్ ప్రాజెక్టు కోసం బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి వైపు ప్లేటింగ్ (కరెంటుతో లోహపు పూత వేసే) యూనిట్లలో కాలుష్యం పుట్టకముందే తగ్గించే పద్ధతులు ఎంతవరకు వాడుతున్నారో సర్వే చెయ్యాలి, 40 ప్రశ్నల ఫారం చేసుకున్నారు, అన్నీ అవును-కాదు టిక్కులే, మొదట వెళ్ళిన యూనిట్లలో అందరూ అన్నిటికీ "అవును" అనేశారు. ఇప్పుడు ఫారం ఎలా మార్చాలి, ఎన్ని యూనిట్లు తిరిగితే సరిపోతుంది అని.

అందరూ అవును అన్నారంటే నాకేం ఆశ్చర్యం లేదండీ. చంకలో ఫైలు పెట్టుకుని షెడ్డులోకి వచ్చిన మనిషిని చూడగానే ఓనరుకి వచ్చే మొదటి అనుమానం పొల్యూషన్ బోర్డు, రెండోది జీఎస్టీ, మూడోది యూట్యూబ్ ఛానల్. ఆ మూడూ కాదని తేలేదాకా మీరేం అడిగినా అవుననే అంటాడు. పైగా ప్రశ్నలు కూడా అలాగే ఉన్నాయి, "మీరు కౌంటర్ కరెంట్ రిన్సింగ్ పాటిస్తున్నారా" అంటే కాదని ఎవడంటాడు? (సరుకు నడిచే దిశకి ఎదురుగా కడుగు నీళ్ళు నడపడం అది, కింద చెప్తాను.) రెండు రిన్సు ట్యాంకులు పక్కపక్కన ఉంటే చాలు ఉందండీ అనేస్తారు, అందులో అబద్ధం చెప్పాలన్న ఉద్దేశం కూడా ఉండదు, చాలామంది అదే అనుకుంటారు.

నేను ఈ లైన్లో మొదట ప్లేటింగ్ కెమిస్టుగా, తర్వాత ఈటీపీలు (మురుగు నీళ్ళు శుద్ధి చేసే ప్లాంట్లు) పెట్టించే పనిలో చాలా ఏళ్ళు ఉన్నాను, నేను చెప్పేది ఒక్కటే: పద్ధతుల గురించి అడగకండి, సరుకు లెక్క అడగండి. ఏడాదిలో ఏం కొన్నారు, అందులో పార్టుల మీద ఎక్కింది ఎంత, మిగతాది ఎటు పోయింది. ఆ మిగతాదే మీ కాలుష్యం. ఆ లెక్క వచ్చాక పద్ధతులు ఉన్నాయో లేవో దానంతట అదే తెలిసిపోతుంది.

నికెల్‌తో మొదలుపెట్టండి, ఎందుకంటే నికెల్‌లో ఈ లెక్క చాలా తేలిగ్గా దొరుకుతుంది. నికెల్ పూతకి మామూలుగా వాడే ద్రావణం, అంటే వాట్స్ బాత్‌లో నికెల్ సల్ఫేట్, నికెల్ క్లోరైడ్, బోరిక్ యాసిడ్ ఉంటాయి కదా, పార్టు మీద ఎక్కే నికెల్ మాత్రం ఆనోడ్ (బాత్‌లో వేలాడదీసే నికెల్ ముక్కలు) నుంచే వస్తుంది, ఆనోడ్ కరిగి ద్రావణంలోకి వస్తుంది, ద్రావణంలోంచి పార్టు మీదకి పోతుంది. ఆనోడ్ దాదాపు నూటికి నూరు శాతం కరిగితే క్యాథోడ్ దగ్గర, అంటే పార్టు మీద, 95 శాతం చుట్టుపక్కల ఎక్కుతుంది, అంటే బాత్‌లో నికెల్ దానంతట అది కొంచెం కొంచెం పెరగాలే తప్ప తగ్గకూడదు. మరి నెల నెలా నికెల్ సల్ఫేట్ (వాళ్ళు సాల్ట్ అంటారు) బస్తాలు ఎందుకు కొంటున్నట్టు? జిగ్గులకీ (పార్టులు తగిలించే కొక్కేల చట్రాలు) పార్టులకీ అంటుకుని బయటికి పోయిన ద్రావణం లోటు పూడ్చడానికి. అదే డ్రాగ్ ఔట్. ఓనరుని "మీ డ్రాగ్ ఔట్ ఎంత" అని అడిగితే మొహం చూస్తాడు, "నెలకి సాల్ట్ ఎంత పడుతుంది సార్" అంటే టక్కున చెప్తాడు, రెండూ ఒకటే ప్రశ్న.

లెక్క ఇలా వేసుకోండి. బాత్‌కి డీసీ కరెంటు ఇచ్చే రెక్టిఫైయర్ 500 యాంపియర్ల మీద రోజుకి 8 గంటలు నడిచిందనుకుందాం, 4000 యాంపియర్-గంటలు. యాంపియర్-గంటకి నికెల్ 1.095 గ్రాములు ఎక్కాలి, 95 శాతం పట్టుకుంటే సుమారు 1.04. అంటే రోజుకి 4.2 కిలోలకి కాస్త తక్కువ, 25 రోజుల నెలకి 104 కిలోలు. వాళ్ళు కొన్న ఆనోడ్లు దీనికి దగ్గరగా ఉండాలి, లేకపోతే మీకు చెప్పిన గంటలు గానీ యాంపియర్లు గానీ తప్పని అర్థం, ముందు అది సరిచూసుకోండి. ఇప్పుడు అదే నెలలో సల్ఫేట్ 60 కిలోలు కొన్నారనుకోండి, అందులో నికెల్ 22.3 శాతం కాబట్టి 13.4 కిలోలు. మొత్తం నికెల్‌లో 11 శాతం పైచిలుకు రిన్సు నీళ్ళలో పోయింది. కొత్త బాత్ వేసినా, మలినాలు తియ్యడానికి కార్బన్ ట్రీట్‌మెంట్ చేసినా, ఫిల్టర్ మార్చినా కూడా సాల్ట్ పోతుంది, క్లోరైడ్ కొంటే అది కూడా కలపాలి, అందుకే ఒక్క నెల బిల్లులు కాకుండా ఏడాది బిల్లులు చూడమంటాను.

ఇదే సంఖ్యతో ఇంకో పని కూడా అవుతుంది. ఆ 13.4 కిలోలు ఈటీపీలో హైడ్రాక్సైడ్‌గా పడితే పొడిగా 21 కిలోలు అవుతుంది, నీళ్ళు పిండేసే ఫిల్టర్ ప్రెస్ కేకులో ఘనపదార్థం 30 శాతం ఉంటుందనుకుంటే నెలకి 70 కిలోల తడి స్లడ్జి (మడ్డి), ఒక్క నికెల్‌కే. ఇప్పుడు మేనిఫెస్ట్ కాపీలు (వ్యర్థం బయటికి పంపిన కాగితాలు) అడగండి, 2016 హజార్డస్ వేస్ట్ రూల్స్ ప్రకారం స్లడ్జి మామూలుగా 90 రోజులకి మించి దగ్గర పెట్టుకోకూడదు, ప్రమాదకర వ్యర్థాలు తీసుకుని పూడ్చే దుండిగల్ టీఎస్‌డీఎఫ్‌కో మరో అనుమతి ఉన్న చోటికో పంపిన కాగితం ఉండాలి. ఏడాదంతా కలిపి 50 కిలోలు పంపినట్టుంటే ఈటీపీ ఎంత నడుస్తోందో మీరు అడగక్కర్లేదు. ఇది ఓనరు మొహం మీద అనకండి, రాసుకుని వచ్చెయ్యండి.

క్రోముకి వచ్చేసరికి కథ మారుతుంది. ఇక్కడ ఆనోడ్లు సీసం, అవి కరగవు, క్రోమంతా మీరు పోసే క్రోమిక్ యాసిడ్ నుంచే రావాలి. బాత్‌లో లీటరుకి 250 గ్రాముల క్రోమిక్ యాసిడ్, చిక్కగా ఉంటుంది. మెరుపు కోసం వేసే డెకరేటివ్ క్రోము మందం 0.25 మైక్రాన్ వేసుకుంటే చదరపు మీటరుకి ఎక్కే లోహం 1.8 గ్రాములు, అంతే. అదే చదరపు మీటరు మీద సరిగ్గా కారనివ్వకుండా తీస్తే 100 మిల్లీలీటర్లు అంటుకుని వస్తుందనుకోండి, అందులో 25 గ్రాముల క్రోమిక్ యాసిడ్, లోహంగా 13 గ్రాములు. పార్టు మీద 1.8, రిన్సులోకి 13! నూటికి 88 వంతులు మోరీకి, 12 వంతులు కస్టమర్‌కి. ఓనర్లకి ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే మొదట నమ్మరు, తర్వాత డ్రమ్ముల బిల్లు తీసుకొస్తారు. అరుగుదల తట్టుకోవడానికి మందంగా వేసే హార్డ్ క్రోములో మాత్రం 25 మైక్రాన్లు వేస్తే 180 గ్రాములు ఎక్కుతుంది, పోయేది అదే 13, ఏడు శాతం. కాబట్టి "క్రోమ్ ప్లేటింగ్ యూనిట్లు" అని ఒకే గంపలో వెయ్యకండి, డెకరేటివ్ వేరు, హార్డ్ వేరు, మీ టేబుల్‌లో రెండు కాలమ్స్ పెట్టండి.

జింకుకి మళ్ళీ వేరు. ఆల్కలైన్ జింకులో లోహం లీటరుకి 10 గ్రాముల చుట్టుపక్కల మాత్రమే, 100 మిల్లీలీటర్లు పోయినా 1 గ్రాము, 8 మైక్రాన్ల పూత అయితే పార్టు మీద 57 గ్రాములు. జింకు లోహం లెక్క చూసి "ఈ యూనిట్ బ్రహ్మాండం" అని రాసేస్తారేమో, అక్కడ అడగాల్సింది పాసివేషన్ (జింకు పూత మీద తుప్పు పట్టకుండా వేసే క్రోము పొర), పిక్లింగ్ యాసిడ్ (పూతకి ముందు తుప్పు వదిలించేది), ఇంకా సైనైడ్ బాత్ ఉందా లేదా. చిన్న పార్టులు తిరిగే డ్రమ్ములో పోసి చేసే బ్యారెల్ ప్లేటింగ్ అయితే ద్రావణం మోసుకురావడం జిగ్గుల కన్నా చాలా ఎక్కువ, బోల్టులు, నట్ల మధ్యలో పట్టుకుని ఉంటుంది, బ్యారెల్‌ని ట్యాంకు పైన ఎత్తి పెట్టి రెండు చుట్లు తిప్పితే సగం తగ్గుతుంది, తిప్పుతున్నారా లేదా మీరే నిలబడి చూడండి.

ఇక్కడో పక్క మాట. మచిలీపట్నం దగ్గర చిలకలపూడి గిల్టు నగల పని చూసే ఉంటారు, బంగారు పూత వేసేవాళ్ళకి ఎవరూ కాలుష్య నివారణ ట్రైనింగ్ ఇవ్వలేదు. కానీ పూత తొట్టి పక్కన నిలవ నీళ్ళ తొట్టి ఒకటి ఉంటుంది, నగ తీసి మొదట అందులో ముంచుతారు, ఆ నీళ్ళు పారబోయరు, మళ్ళీ బంగారం తీస్తారు. పుస్తకాల్లో డ్రాగ్ ఔట్ ట్యాంక్, స్టాటిక్ రిన్స్ అని చెప్పేది అక్షరాలా అదే. అంటే మనవాళ్ళకి తెలియక కాదు, క్రోమిక్ యాసిడ్ కిలో ధర బంగారం ధరలో లేదు కాబట్టి ఎవరికీ పట్టలేదు. మీ సర్వేలో "అవగాహన ఉందా" అనే ప్రశ్నలు ఏడో ఎనిమిదో ఉన్నాయి, నా మాట విని అవన్నీ తీసెయ్యండి, "పోయిన దాని ఖరీదు ఎంతో ఓనరుకి తెలుసా" అనేది ఒక్కటి చాలు.

సరే, బిల్లుల పని అయ్యాక లైన్ దగ్గరికి వెళ్ళండి. అక్కడ అడగాల్సిన ప్రశ్నల్లో అన్నిటికన్నా పనికొచ్చేది ఇది: "బాత్ లెవెల్ పడిపోతే దేంతో నింపుతారు?" ఓనరుని కాదు, లైన్ మీద ఉన్న కుర్రాణ్ణి అడగండి, ఎక్కువ మంది బీహార్, ఒడిశా వాళ్ళు ఉంటారు కాబట్టి హిందీ కావాలి. నికెల్ బాత్ 55-60 డిగ్రీల్లో నడుస్తుంది, రోజూ నీళ్ళు ఆవిరై లెవెల్ పడుతుంది, ఆ ఖాళీలోకి పక్కనున్న నిలవ రిన్సు నీళ్ళు పోస్తే పోయిన సాల్ట్‌లో చాలా భాగం తిరిగి ఇంటికొస్తుంది. "బోరు నీళ్ళ పైపు పెడతాం భయ్యా" అన్నాడంటే మీ ఫారంలో డ్రాగ్ ఔట్ రికవరీ ఎదురుగా ఓనరు పెట్టిన టిక్కుని చెరిపేసుకోవచ్చు. పైగా మన బోరు నీళ్ళలో కాల్షియం ఎక్కువ, నికెల్ బాత్‌లో అది కాల్షియం సల్ఫేట్‌గా విరిగి పూత గరుకుగా వస్తుంది, అది తియ్యడానికి మళ్ళీ ఫిల్టరు, మళ్ళీ నష్టం. జింకు బాత్ మామూలు వేడిలోనే నడుస్తుంది కాబట్టి ఆవిరయ్యేది తక్కువ, అక్కడ తిరిగి పొయ్యడానికి చోటే ఉండదు, ఆ యూనిట్‌కి ఈ ప్రశ్నలో సున్నా వేస్తే అన్యాయం చేసినట్టే.

ఒక నిజం కూడా చెప్పాలి, తిరిగి పొయ్యడం ఊరికే రాదు. ఇనుము, రాగి, జింకు, మెరుపు కోసం వేసే బ్రైటనర్ విరిగిన చెత్త, అన్నీ తిరిగి బాత్‌లోకే వస్తాయి, ఇదివరకు డ్రాగ్ ఔట్‌తో అవి కూడా బయటికి పోయేవి. అందుకని కార్బన్ ట్రీట్‌మెంట్ తరచుగా చెయ్యాలి, తక్కువ కరెంటు మీద డమ్మీ (మలినాలు ఎక్కించడానికి పనికిరాని రేకు) వెయ్యాలి. కొందరు మొదలుపెట్టి నెల రోజుల్లో పూత నల్లగా వస్తోందని ఆపేస్తారు, వాళ్ళు "కాదు" కోవలో పడతారు మీ ఫారంలో, అసలు ప్రయత్నించని వాడితో సమానంగా. "ఎప్పుడైనా చేసి ఆపేశారా, ఎందుకు ఆపారు" అని అడిగితే మీ థీసిస్‌లో అన్నిటికన్నా మంచి చాప్టర్ అదే అవుతుంది.

తర్వాత జిగ్గు పైకి తీసినప్పుడు ఎంతసేపు ట్యాంకు మీద ఆగుతోందో చూడండి. 10 సెకన్లు ఆగితే మంచిదని పాత లెక్క. చేతిలో ఫోన్ పట్టుకుని టైమర్ నొక్కితే కుర్రాళ్ళు భయపడి అరనిమిషం పట్టుకుంటారు, మనసులో లెక్కపెట్టుకోండి. మామూలుగా రెండు మూడు సెకన్లకి మించదు. ఎందుకు మించదో కూడా కనుక్కోండి, జీతమా, పీసు రేటా? పీసు రేటు మీద చేసేవాడికి ఆ 10 సెకన్లు సొంత కూలి. చెయ్యి నొప్పి సంగతి సరే సరి, తడిసిన జిగ్గు పది కిలోలు గాల్లో పట్టుకుని నిలబడమంటే మీరైనా నిలబడరు. ట్యాంకు పైన ఒక అడ్డ పైపు వేసి ఉందా చూడండి, దాని మీద తగిలించి పక్క జిగ్గు పని చూసుకుంటాడు, కారేది కారుతుంది. వెల్డింగ్ షాపులో కాసేపటి పని, ఐనా చాలా షెడ్లలో ఉండదు. ట్యాంకుకీ ట్యాంకుకీ మధ్య సందులో వాలుగా ప్లాస్టిక్ షీటు ఉందా లేదా అది కూడా రాసుకోండి, లేకపోతే కారిందంతా నేల మీదకే.

నేల అన్నాను కాబట్టి. క్రోము హెక్సావాలెంట్ రూపంలో (క్రోమిక్ యాసిడ్‌లో ఉండే విషపు రూపం) నీళ్ళలో బాగా కరుగుతుంది, మట్టికి పెద్దగా అతుక్కోదు, పగిలిన గచ్చు కిందకి దిగిందంటే భూగర్భ జలంతో పాటే నడుస్తుంది. బెంగళూరు పీణ్య ఇండస్ట్రియల్ ఏరియాలో బోరు నీళ్ళలో క్రోమియం బయటపడింది, అక్కడా ఎక్కువ చిన్న ప్లేటింగ్ షెడ్లే. మనవాళ్ళలో చాలామందిది అద్దె షెడ్డు, అద్దె షెడ్డులో యాసిడ్ ప్రూఫ్ టైల్స్ ఎవడు వేయిస్తాడు? సొంతమా అద్దా అన్న ప్రశ్న మీ ఫారంలో లేదు, పెట్టండి, చాలా వాటికి జవాబు అక్కడే ఉంటుంది.

నీళ్ళ సంగతి. "రోజుకి ఎన్ని లీటర్లు వాడతారు" అంటే బోర్డు ఇచ్చిన కన్సెంటు (అనుమతి) కాగితంలో ఉన్న అంకె చెప్తారు, అది అందరికీ ఒకటే పాఠం. బోరు నీళ్ళకి మీటరుండదు, బిల్లుండదు. బకెట్ తీసుకెళ్ళి ప్రతి కుళాయి కింద పెట్టి ఎన్ని సెకన్లలో నిండిందో చూసుకోండి, ఎన్ని గంటలు తెరిచి ఉంటుందో లైన్ కుర్రాణ్ణి అడగండి, మధ్యాహ్నం భోజనాలప్పుడు ఒకసారి వెళ్ళి ఆ కుళాయిలు కట్టేసి ఉన్నాయో పారుతున్నాయో చూడండి. అసలు కౌంటర్ కరెంట్ అంటే కొత్త నీళ్ళు చివరి ట్యాంకులో పడాలి, అది పొర్లి ముందు ట్యాంకులోకి రావాలి, అక్కణ్ణుంచి ఈటీపీకి, సరుకు ఇటు నడుస్తుంటే నీళ్ళు దానికి ఎదురు నడవాలి. రెండు ట్యాంకులకి రెండు పైపులుంటే అది కౌంటర్ కరెంట్ కాదు, రెండు కుళాయిల ఖర్చు. తేడా ఎంతో చూడండి: గంటకి 1 లీటరు ద్రావణం అంటుకుని వస్తోంది, దాన్ని వెయ్యి రెట్లు పలచన చెయ్యాలి, ఒక్క ట్యాంకుతో అయితే గంటకి 1000 లీటర్లు కావాలి, ఎదురు నడిచే రెండు ట్యాంకులతో 32 లీటర్లు, మూడు ట్యాంకులతో 10 లీటర్లు. వర్గమూలం, ఘనమూలం, అంతే లెక్క. చోటు లేదంటారు, నిజమే చిన్న షెడ్లలో చోటు ఉండదు, కానీ ఉన్న ట్యాంకుకి మధ్యలో పీవీసీ షీటు అడ్డం వెల్డింగ్ చేయించి రెండు చేసినవాళ్ళు ఉన్నారు.

ఇక్కడ మన రూల్స్‌లో ఉన్న ఒక వంకర మీ సర్వేని పాడుచేస్తుంది, జాగ్రత్త. బోర్డు పరిమితులన్నీ లీటరుకి మిల్లీగ్రాముల్లో ఉంటాయి: హెక్సావాలెంట్ క్రోమియం 0.1, మొత్తం క్రోమియం 2, నికెల్ 3, జింకు 5, సైనైడ్ 0.2. ఆదా చేసేవాడి నీళ్ళలో సాంద్రత పెరుగుతుంది, కుళాయి వదిలేసినవాడి నీళ్ళు పలచగా, చూడ్డానికి శుభ్రంగా ఉంటాయి. పైన చెప్పిన 13 గ్రాముల క్రోముని ఉత్త నీళ్ళతో 2 మిల్లీగ్రాములకి తేవాలంటే 6500 లీటర్లు కావాలి, బోరు ఫ్రీగా ఉన్నప్పుడు కొందరికి అదే ట్రీట్‌మెంటు. కాబట్టి మీరు ల్యాబ్ రిపోర్టుల అంకెలు యూనిట్ల మధ్య పోల్చి ర్యాంకులు ఇస్తే తలకిందులుగా వస్తుంది. కిలోల్లో తీసుకోండి, దాన్ని యాంపియర్-గంటలతో భాగించండి. చదరపు మీటర్లతో భాగించమని పుస్తకాల్లో ఉంటుంది, జాబ్ వర్క్ షెడ్డులో రోజూ వేరే పార్టు, ఏరియా ఎవరికీ తెలియదు, యాంపియర్ మీటరు మాత్రం ప్రతి రెక్టిఫైయర్ మీదా ఉంటుంది. ఒక లోహం లోపలే పోల్చాలి సుమా, నికెల్‌ని నికెల్‌తో.

ఈటీపీ చూపించి "ఇదిగో మా పొల్యూషన్ ప్రివెన్షన్" అనేవాళ్ళు ఎక్కువ. వాళ్ళ తప్పేం లేదు, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చే ప్రతి ఒక్కరూ అవుట్‌లెట్ పైపు దగ్గరికే వెళ్తారు, ట్యాంకు మీద జిగ్గు ఎంతసేపు ఆగిందో అడిగిన అధికారిని నేను చూడలేదు. అమెరికాలో 1990లో తెచ్చిన పొల్యూషన్ ప్రివెన్షన్ చట్టం వరస స్పష్టంగా పెట్టింది, ముందు పుట్టుక దగ్గరే తగ్గించడం, తర్వాత తిరిగి వాడడం, తర్వాత శుద్ధి, ఆఖరున పారెయ్యడం. 1998లో అక్కడి ప్రభుత్వ పర్యావరణ సంస్థ ఇపీఏ, ప్లేటింగ్ పరిశ్రమ సంఘాలు కలిసి స్ట్రాటజిక్ గోల్స్ ప్రోగ్రామ్ అని స్వచ్ఛందంగా ఒకటి నడిపాయి, అందులో లక్ష్యాలు కొన్న లోహంలో 98 శాతం సరుకు మీదకే వెళ్ళాలి, నీళ్ళు సగానికి తగ్గాలి, కరెంటు నాలుగో వంతు తగ్గాలి అని అంకెల్లో ఉండేవి. టిక్కులు కాదు, శాతాలు. మీ ఫారం కూడా ఆ దారిలో ఉండాలని నా అభిప్రాయం.

"జీరో డిశ్చార్జి, చుక్క నీళ్ళు బయటికి వదలం, సోలార్ పాన్‌లో ఎండబెడతాం" అని చెప్పే యూనిట్లు మీకు బోలెడు తగులుతాయి. టేపు తీసి పాన్ కొలవండి. రోజుకి 5 మిల్లీమీటర్లు ఆవిరవుతుందనుకుంటే 1000 లీటర్లు ఎండాలంటే 200 చదరపు మీటర్లు కావాలి, ఉప్పు ఎక్కిన నీళ్ళు ఇంకా నెమ్మదిగా ఎండుతాయి, జులై-ఆగస్టుల్లో ఎండకపోగా నిండుతుంది. షెడ్డు మొత్తమే 150 గజాలుంటే ఆ పాన్ ఎక్కడ పట్టింది?

బాత్‌లూ రసాయనాలూ మార్చడం గురించి మీరు ఎక్కువ ప్రశ్నలు పెట్టారు, సైనైడ్ జింకు నుంచి నాన్-సైనైడ్‌కి, హెక్సావాలెంట్ పాసివేషన్ నుంచి తక్కువ విషమున్న ట్రైవాలెంట్‌కి. అది తెలుసుకోవడానికి "మీ పెద్ద కస్టమర్ ఎవరు" అని అడిగితే చాలు. ఎలక్ట్రికల్ వస్తువుల్లో విష పదార్థాలని కట్టడి చేసే యూరప్ రూలు రోహెచ్ఎస్ 2006 జులైలో అమల్లోకి వచ్చాక ఎక్స్‌పోర్టు ఎలక్ట్రికల్ కంపెనీలకి పని చేసేవాళ్ళు ట్రైవాలెంట్‌కి మారారు, గేట్లు, గ్రిల్లు, హార్డ్‌వేర్ షాపు సరుకు చేసేవాళ్ళలో పాత పసుపుపచ్చ హెక్సావాలెంట్ పాసివేషన్ నడుస్తూనే ఉంది. డిఫెన్స్, ఏరోస్పేస్ డ్రాయింగ్‌లో కాడ్మియం అనే విషపు లోహం పూతే వెయ్యాలని ఉంటే ప్లేటర్ చేతిలో ఏమీ లేదు, మార్చాల్సింది డ్రాయింగ్ గీసినవాళ్ళు. క్రోము ట్యాంకు మీద పొగ రాకుండా వేసే ఫ్యూమ్ సప్రెసెంట్ డబ్బా లేబుల్ ఫోటో మాత్రం తీసుకోండి, పీఎఫ్ఓఎస్ అనే, ప్రకృతిలో విరగని రసాయనం ఉన్న రకాలు 2009 నుంచి అలాంటి వాటిని కట్టడి చేసే స్టాక్‌హోమ్ ఒప్పందం జాబితాలో ఉన్నాయి, ఒక కాలుష్యాన్ని ఆపడానికి ఇంకోటి పోస్తున్నారేమో తెలియాలి.

యూనిట్ల ఎంపిక గురించి. బోర్డు కన్సెంట్ల జాబితా పట్టుకుని వెళ్తే కన్సెంటు ఉన్నవాళ్ళే దొరుకుతారు, అందులో కూడా తలుపు తీసి మాట్లాడేది కాస్త బాగా నడిపేవాళ్ళే, అలా వచ్చిన సగటు అసలు కన్నా బాగా కనిపిస్తుంది, రిపోర్టులో అది రాయండి. ప్లేటింగ్ కెమికల్స్ అమ్మే షాపులోనో, జిగ్గులకి పీవీసీ కోటింగ్ వేసే చోటో కాసేపు కూర్చోండి, ఏ సందులో ఏ షెడ్డు ఉందో వాళ్ళకి తెలిసినంత ఎవరికీ తెలియదు, వాళ్ళు ఫోన్ చేసి "మనవాడే" అంటే తలుపు తెరుచుకుంటుంది. పేర్లు రాయనని మొదటే చెప్పండి, ఏ, బీ, సీ అని కోడ్లు పెట్టుకోండి, ఆ మాట తప్పకండి.

శాంపిల్ తియ్యాలనుకుంటే చెప్పి తియ్యండి, 1974 నీటి చట్టం కింద లీగల్ శాంపిల్ అంటే దానికో పద్ధతి ఉంది, బోర్డు అధికారులు తీసేది అది, మీది చదువు కోసమేనని ఓనరుకి చెప్తే సగం భయం పోతుంది. లోహాల సీసాలో నైట్రిక్ వేసి పీహెచ్ 2 కిందకి తేవాలి, సైనైడ్ సీసాలో కాస్టిక్ వేసి 12 పైకి, ఈ రెండు సీసాలూ పొరపాటున కూడా తారుమారు కాకూడదు, సైనైడ్‌లో యాసిడ్ పడితే వచ్చే గ్యాసు ప్రాణం తీస్తుంది. హెక్సావాలెంట్ క్రోమియం సీసాలో అసలు యాసిడ్ వెయ్యకండి, ట్రైవాలెంట్‌గా మారిపోయి అంకె తప్పొస్తుంది, చల్లగా పెట్టి 24 గంటల్లోపు ల్యాబ్‌కి చేర్చండి. ఒక్కరే వెళ్ళకండి, చెప్పులతో అస్సలు వెళ్ళకండి.

ఎన్ని యూనిట్లు అంటే, 100 టిక్కు ఫారాల కన్నా 12 యూనిట్ల పూర్తి సరుకు లెక్క మేలు. నాలుగు నికెల్-క్రోము, నాలుగు జింకు జిగ్గులవి, నాలుగు జింకు బ్యారెల్వి తీసుకోండి, ఒక్కోదానికి ఒక రోజు బిల్లులకి, ఒక రోజు లైన్ దగ్గర. మీ గైడు ఒప్పుకోకపోతే మిగతావాళ్ళకి ఐదే ప్రశ్నల చిన్న ఫారం పెట్టండి: నెలకి సాల్ట్ ఎంత, ఆనోడ్ ఎంత, లెవెల్ దేంతో నింపుతారు, షెడ్డు అద్దా సొంతమా, పెద్ద కస్టమర్ ఎవరు.

అయిపోయాక ప్రతి ఓనరుకీ ఒక్క పేజీ తెలుగులో రాసివ్వండి, మీరు ఏడాదికి ఇంత సాల్ట్ కొంటున్నారు, అందులో ఇంత నీళ్ళలో పోతోంది, మీ బిల్లు ధర ప్రకారం ఇన్ని రూపాయలు, అడ్డ పైపూ నిలవ ట్యాంకూ పెడితే అయ్యే ఖర్చు ఇంత అని. దాంట్లో పర్యావరణం అనే మాట రాయకపోయినా ఫర్వాలేదు. ఆ కాగితం ఒకరి టేబుల్ మీద కనపడితే పక్క షెడ్డు వాళ్ళు మా లెక్క కూడా వెయ్యండి అని వాళ్ళే ఫోన్ చేస్తారు, అప్పటికి మీ ప్రాజెక్టు టైం అయిపోకుండా చూసుకోండి.